పడలేని బల్లి

భూమండలం మీద బల్లులు రెండే రకాలు: మనిషి మీద పడేవి, పడలేనివి. వేల జాతులున్నాయని శాస్త్రజ్ఞులంటారు గానీ (వాళ్ల మీద ఏ బల్లీ పడి ఉండదు), టెక్సస్‌లోని కాపెల్‌లో అద్దె అపార్ట్‌మెంట్‌లో ఉంటున్న ఛాయాదేవికి ఈ రెండూ చాలు.

కూతురు జాహ్నవి పుట్టినరోజుకి పెంపుడు బల్లి కావాలని పట్టుబట్టింది. అదే సమయానికి భర్త శశికాంత్ వీసా పొడిగింపు ఏ సంగతీ తేలకుండా ఉంది. ఈ రెంటికీ సంబంధం లేదని చదువుకున్నవాళ్లు అనుకుంటారు. పదో తరగతితో ఆపేసిన ఛాయాదేవికి పంచాంగంలోని బల్లి శాస్త్రం కంఠతా వచ్చు. పాదం వెనక పడితే ప్రయాణం. వీసా తేలని ఇంట్లో ప్రయాణమంటే ఎటో వేరే చెప్పాలా?

పెట్ షాపులో అభ్యర్థుల పరిశీలన మొదలైంది.

"అమ్మా, క్రెస్టెడ్ గెకో! గ్లాస్ కూడా క్లైంబ్ చేస్తుంది!"

"ఎక్కేది పడక మానదు. వద్దు."

"పోనీ ఇగ్వానా?"

"ఆరడుగులు పెరుగుతుందటే! అది పడ్డాక ఫలితం చూసుకోడానికి మనం మిగలొద్దూ?"

బియర్డెడ్ డ్రాగన్ శాపం పెట్టబోతున్న మునిలా కూర్చుంది. దాని జోలికే పోలేదు.

లెపర్డ్ గెకో కాళ్లకు పట్టు ఉండదని, గోడ ఎక్కలేదని షాపతను లోపంగా చెప్పాడు. ఛాయాదేవి దానికి దణ్ణం పెట్టింది.

"వీటి సొంతూరు మన పక్కే. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్" అన్నాడు శశికాంత్.

"అయ్యో, మరి దీని వీసా ఏమిటండీ?"

"ఇది ఓక్లహోమాలో పుట్టిందిలే."

"అయితే సిటిజన్ గారే!"

అపార్ట్‌మెంట్ ఆఫీసులో సరీసృపాల నివాస అనుమతుల అధికారిణి పేరు బ్రెండా. బల్లిని స్వయంగా హాజరుపరచాలి, ఇంటర్వ్యూ ఉంటుంది. ఛాయాదేవి గాజుపెట్టెకు బొట్టుపెట్టి, "అడిగినదానికే జవాబు చెప్పు, ఎక్కువ మాట్లాడకు" అని బల్లికి బోధించింది (కాన్సులేట్ మెట్ల మీద భర్త తనకు చెప్పిందే).

బ్రెండా పుట్టిన చోటు అడిగింది, స్వభావం అడిగింది. "శాశ్వతంగా ఇక్కడే ఉండే ఉద్దేశమేనా?" అంది.

ఛాయాదేవి కంగారుగా అందుకుంది. "లేదు మేడమ్! పని అవగానే వెళ్లిపోతుంది. అక్కడ పొలం ఉంది."

"ఎక్కడికెళ్తుంది హనీ, ఇది దాని దేశమేగా!" అని బ్రెండా ముద్ర వేసింది. కాఫీ చల్లారేలోగా బల్లి శాశ్వత నివాసి అయిపోయింది.

ఇల్లు చేరగానే జాహ్నవి సంబరంగా దాన్ని అరచేతిలోకి ఎత్తుకుంది. (గోడ ఎక్కలేని బల్లిని ఎత్తుకునేవాళ్లుంటారని ఏ జాతి వివరాల్లోనూ రాయరు.) అది జారి, తల్లి మడమ మీద పడింది.

"ఓకే అమ్మా, దానికేం కాలేదు!"

లోపలి గదిలో శశికాంత్ ఫోన్‌లో లాయర్‌తో, "డినై చేశారా?" అంటున్నాడు.

ఇల్లు ఖాళీ చేస్తున్నామని చెప్పడానికి వెళితే, బ్రెండా ఎంతో మర్యాదగా నిబంధన చదివి వినిపించింది: మనుషులు ముగ్గురూ నెలాఖరులోగా వెళ్లాలి, ఆమోదం పొందిన నివాసి మాత్రం ఉండిపోవచ్చు.