పరికరం నంబరు నలభై ఒకటి

స్టాకు రిజిస్టరులో పాత పరికరంగా నమోదైన మనిషి ఏకాదశి ఉపవాసం ఉంటే ఆ ఫలం అతనికే దక్కుతుందా, లేక శాఖకు దక్కుతుందా అన్న సందేహం వటపత్రశాయిగారికి పన్నెండేళ్లుగా ఉంది. ఆయన తణుకులో ఒక ప్రభుత్వ కార్యాలయం నెట్‌వర్కు గదిలో, మూడో ఇనుప ర్యాకు రెండో అరలో కూర్చుని ఉంటారు. ఎడమ భుజం మీద నలభై ఒకటో నంబరు స్టిక్కరు ఉంటుంది. చొక్కా మార్చిన రోజున దాన్ని చిరగకుండా పీకి కొత్త చొక్కాకి అంటించడం ఆయన భార్య మంగతాయారు పని.

రిటైరైన రోజున ఆయన సర్వీసు పుస్తకం పింఛను సెక్షనుకి వెళ్లింది. ఆ మధ్యాహ్నమే ఏడాదికోసారి జరిగే స్టాకు తనిఖీ వచ్చింది. గదిలో ఉన్నవన్నీ రాసుకోవాలన్నది నియమం. సర్వీసు పుస్తకం లేనిది ఉద్యోగి అయ్యే వీలు లేదు కాబట్టి తనిఖీ అధికారి ఆయన్ని చూసి "పాతది, పనిచేస్తోంది" అని రాసుకున్నారు. ఆ తప్పు దిద్దాలంటే ముందు ఆయన్ని పనికిరానిదిగా ప్రకటించాలి. పనిచేస్తున్న దాన్ని అలా ప్రకటించడం నేరం. పింఛను మాత్రం నెలనెలా ఇంటికి వస్తూనే ఉంది. ఆ సెక్షను వేరు.

ఆయన నిజంగానే పనిచేస్తున్నారు. గదిలోని కొత్త పెట్టెలకు ఆజ్ఞలన్నీ నెట్‌వర్కు మీదే వస్తాయి. నెట్‌వర్కే పడిపోతే, దాన్ని లేపమని చెప్పే ఆజ్ఞ కూడా రాదు. అందుకని ప్రతి పెట్టెకీ వెనక ఒక చిన్న కన్నం ఉంటుంది. అందులోంచి నీలం తీగ ఒకటి ఏదైనా పాత పరికరం దాకా రావాలి, అక్కణ్ణించి విడిగా ఒక టెలిఫోను లైను బయటికి పోవాలి. వేరే ఊళ్లలో ఇందుకు పాత మోడెములు వాడతారు. తణుకులో శాయిగారిని వాడతారు. హెడ్డాఫీసు ఇంజనీరు ఫోనులో ఆజ్ఞ చెబితే, ఆయన తీగ కొస నోటి దగ్గర పెట్టుకుని పెట్టెకి వినిపిస్తారు. పెట్టె ఏమందో తిరిగి ఫోనులో చెబుతారు. నెట్‌వర్కు లేవగానే అవతల ఫోను పెట్టేస్తారు. మళ్లీ పడేదాకా ఆయన ఎవరికీ గుర్తుండరు.

దీనికి ఆయన ఏనాడో అలవాటు పడ్డారు. అలవాటు పడనిది ఒక్క కొబ్బరికాయ విషయానికే. ఇరవై ఆరేళ్ల కిందట లైను కొత్తగా వేసినప్పుడు, ఒక్క రోజంతా పడకుండా నిలబడితే గేటు ఎదురుగా ఉన్న ఆంజనేయస్వామికి కాయ కొడతానని మొక్కుకున్నారు. మర్నాడే నిలబడింది. నిలబడిన లైనును వదిలి వెళితే పడిపోతుందేమోనని ఆ రోజు వెళ్లలేదు. ఆ తరువాత అదే భయంతో ఏ రోజూ వెళ్లలేదు. పొద్దున వచ్చేవేళకీ, రాత్రి ఇంటికి పోయేవేళకీ గుడి మూసి ఉండేది. గుడి నలభై అడుగుల దూరం. అరలోకి వచ్చాక గేటు దాటాలంటే పాసు కావాల్సి వచ్చింది. పాసు కావాలంటే అదే పని చేసే మరో పరికరాన్ని చూపించాలి. ఏటా దరఖాస్తు పెట్టారు, ఏటా లేదన్నారు. ఈమధ్య ఆయనకి కూర్చున్నచోటే ఆయాసం వస్తోంది. మొక్కు మిగిల్చుకుని పోతానేమోనన్న భయం పట్టుకుంది.

పదమూడో దరఖాస్తు తీసుకునే వేళకి మంగతాయారు క్యారేజీతో అక్కడే ఉంది. ఏకాదశి కాబట్టి అందులో అటుకులూ అరటిపండూ ఉన్నాయి.

"బాబాయిగారూ, మీరు అడగడం, నేను కాదనడం, ఇద్దరికీ అలవాటైపోయిందండి," అన్నాడు స్టోర్సు గుమాస్తా ముత్యాలరావు. "మీలాంటి పరికరం జిల్లాలో ఇంకోటి లేదు మరి."

"అరగంట చాలు నాయనా."

"ఆ అరగంటలోనే పడిపోతే?"

మంగతాయారు క్యారేజీ కింద పెట్టింది. "నేను కూర్చుంటాను."

"మీకు అనుభవం ఉందా పిన్నిగారూ?"

"మా ఇంట్లో తండ్రీకొడుకులకి ఇరవై రెండేళ్లుగా మాటల్లేవు. ఈయనన్నది వాడికీ, వాడన్నది ఈయనకీ చెప్పేది నేనే. మధ్యలో తిట్లు ఏరేసి చెప్పాలి. మీ పెట్టెలకి ఆ బాధ లేదనుకుంటా."

ముత్యాలరావు నియమాల పుస్తకం తిరగేశాడు. అభ్యంతరం ఎక్కడా కనిపించలేదు. ఫారంలో "అనుభవం: ఇరవై రెండేళ్లు, ఇంటి వద్ద" అని రాసి ముద్ర వేశాడు. తన ఇంట్లో నడుస్తున్నదీ అలాంటి లైనేనని శాయిగారికి అప్పుడే తట్టింది.

గేటు దాటే పరికరం స్టిక్కరును గదిలో వదిలి వెళ్లాలి. ఆయన దాన్ని పీకి అర అంచుకి అంటించి, మోకాళ్లు పట్టుకుని దిగారు. ఆవిడ కొంగు దోపుకుని ఎక్కి, ఎడమ చేత ఫోను, కుడి చేత తీగ పట్టుకుంది.

"పీచు కాయ అమ్మేవాళ్ల చేతే తీయించండి. నీళ్లు చొక్కా మీద పోసుకోకండి," అంది.

కాయ ఒక్క దెబ్బకే పగిలింది. స్వామి ముందు నిలబడ్డాక ఏం కోరుకోవాలో ఆయనకి తోచలేదు. ఆలస్యానికి క్షమించమన్నారు. స్వామి కూడా ఇన్నేళ్లుగా ఒకేచోట నిలబడి, అన్ని దారులూ పడిపోయినప్పుడు వచ్చేవాళ్ల మాటలే వింటున్నాడు కదా, ఈయనకి స్టిక్కరు ఎవరు అంటించారో అనుకుని, ఆ ఆలోచన వచ్చినందుకు లెంపలు వేసుకున్నారు.

తిరిగి వచ్చేసరికి ముత్యాలరావు రిజిస్టరు మూసేస్తున్నాడు.

"ఇప్పుడే ఈ ఏటి తనిఖీ అయిందండి. అరలో ఉన్నదాన్ని రాసుకున్నారు. నలభై ఒకటి సరిపోయింది. ఇక మీరు లెక్కకి ఎక్కువవుతారు."

స్టిక్కరు మంగతాయారు ఎడమ భుజం మీద ఉంది.

"ఆవిణ్ణి ఏమని రాశారు?"

"పాతది, పనిచేస్తోంది అని. అరగంటలో నెట్‌వర్కు రెండుసార్లు పడిందండి. రెండుసార్లూ లేపారు. మీకన్నా త్వరగానే."

"దిద్దడానికి..."

"మీకు తెలియనిదేముంది బాబాయిగారూ."

శాయిగారు ర్యాకు దగ్గరికి వెళ్లారు. "తాయారూ, దిగు."

"దిగితే లెక్క తగ్గుతుందిటండీ. ఆ అబ్బాయి ఉద్యోగం మీదికొస్తుంది. రేపటి నుంచి క్యారేజీ మీరు తెండి. బియ్యం డబ్బా గట్టు కింద ఉంటుంది. మనబ్బాయికి ఏదైనా చెప్పాలంటే ఈ నంబరుకే ఫోను చేయండి, వాడికి చెబుతాను."

ఆయన పన్నెండేళ్ల సందేహం బయటపెట్టారు. "ఇందులో కూర్చుని ఉపవాసం ఉంటే ఫలం మనకే వస్తుందంటావా?"

"ఆకలి మనకే వేస్తోందిగా," అంది ఆవిడ. తరువాత ఆయన చేతిలోని కొబ్బరి చిప్ప వంక చూసింది. "కాస్త పెట్టండి. ఇరవై ఆరేళ్లయింది నోట పెట్టి. మీ మొక్కు తీరేదాకా కొబ్బరి ముట్టనని ఆ రోజే అనుకున్నాను."

ఇంట్లో ఎప్పుడూ వేరుశెనగ పచ్చడే ఎందుకో ఆయన ఏనాడూ అడగలేదు.

ఆవిడ రెండు చేతులూ ఖాళీ లేవు. ఆయన చిప్పను ర్యాకు అంచుకి కొట్టి చిన్న ముక్క విడదీసి ఆవిడ నోటికి అందించారు. ఒకసారి నమిలిందో లేదో ఫోను మోగింది. ఆవిడ ముక్కని బుగ్గన పెట్టుకుని, "చెప్పండి," అంది.