దొరవారిసత్రంలో దొరికిన పేషెంటు

రాకెట్ పదకొండింటికి. తొమ్మిదికల్లా వ్యాను నాయుడుపేట దాటాలి. పెంచలప్రసాద్ వేసుకున్న ప్లాను అంతే. డిగ్రీ కాలేజీలో గుండెజబ్బు పిల్లలకు తోడుండే విద్యార్థి సంఘానికి అతడే అధ్యక్షుడు. వ్యానులో ఐదుగురు పిల్లలున్నా, ప్రయాణం మాత్రం ఎనిమిదేళ్ల తహీర్ కోసమే. వాడి గుండెలో చిల్లుంది. వచ్చే వారం చెన్నైలో ఆపరేషన్. "నేను పోను, నన్ను కోస్తారు" అని వాడు మంచంకోడు పట్టుకుని కూర్చున్నాడు. పులికాట్ ఒడ్డు నుంచి శ్రీహరికోట రాకెట్ చూపిస్తే ధైర్యం వస్తుందని వాడి తల్లి జైతూన్‌బీకి ప్రసాద్ మాటిచ్చాడు.

అక్కడితో నోరు మూసుకున్నా బాగుండేది. డ్రైవరు హజరత్తయ్యతో, "అన్నా, గుండెజబ్బు పిల్లోళ్లుండారు, కుదుపులు లేకుండా పోనీ" అన్నాడు. హజరత్తయ్య హడలిపోయి, దొరవారిసత్రంలో టీ అంగడి నడిపే చెల్లెలు కామమ్మకు ఫోన్ చేశాడు. "గుండెజబ్బోళ్లను తీసుకొస్తుండా, నీడన కుర్చీలేయించు!"

ఫోన్‌లో సగమే వినపడింది. "మాయన్నకు గుండెనొప్పంట!" అని కామమ్మ నడిబజారులో గగ్గోలు పెట్టింది.

వ్యాను ఆగేసరికి అంగడి ముందు అంబులెన్సు, దాని చుట్టూ నలభై మంది. కామమ్మ అన్నను వాటేసుకుని ఏడ్చి, అతడు గుండ్రాయిలా ఉన్నాడని తేలాక భుజం మీద ఒక్కటి చరిచింది. "మరి నొప్పి ఎవురికి?"

హజరత్తయ్య వ్యాను వైపు చెయ్యి చూపించాడు. వ్యానులోంచి ప్రసాద్ అది చూశాడు. ఇప్పుడు తహీర్‌ను స్ట్రెచరెక్కిస్తే వాడు జన్మలో ఆస్పత్రి గడప తొక్కడు. వెనక తలుపు తీసుకుని దూకి, జనాన్ని తోసుకుంటూ పరిగెత్తాడు. ఆయాసానికి మాట రాలేదు. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, వద్దు వద్దని రెండో చెయ్యి ఊపాడు.

"ఈ అబ్బయ్యకే!" అని కామమ్మ అరిచింది.

స్ట్రెచర్ మీద పడుకోబెట్టి బెల్టులు బిగించాక గానీ ప్రసాద్ గొంతు పెగల్లేదు. "నాకేం లేదు!"

"అందరూ అట్టనే అంటారు సార్" అన్నాడు అంబులెన్సు జయకుమార్.

ఆస్పత్రిలో చొక్కా విప్పించి ఛాతీకి తీగలు తగిలించారు. నర్సు సూది తీసింది. "అమ్మా!" అని అధ్యక్షుడు కేక పెట్టాడు. వెనకే వ్యానులో వచ్చిన పిల్లలు మంచం చుట్టూ మూగారు. తహీర్ ముందుకొచ్చి అతడి చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, ఇది ఈసీజీనే, నొప్పుండదు. కదలబాక. సూదేసేటప్పుడు ఆ పక్కకు చూడు. నేనట్టనే చేస్తా."

ప్రసాద్ ఆ పక్కకు చూశాడు. కిటికీ అద్దాలు సన్నగా అదిరాయి. రాకెట్ వెళ్లిపోయింది.

గుండెకేమీ లేదని డాక్టరు పంపించేశాడు. సాయంత్రం జైతూన్‌బీ ముందు తల దించుకుని నిలబడితే, ఆమెకు నవ్వాగలేదు. "మావోడు చెన్నైకి వస్తానన్నాడు నాయనా. అంత ఏడ్చిన అన్నకే ఏం కాలేదంట, ఇంక వాడికేమవుద్దంట!"

వారం తర్వాత ఆపరేషన్ గది గుమ్మంలో తహీర్ డాక్టరుకు ఒకే షరతు పెట్టాడు. "ప్రసాదన్నను లోపలికి రానీబాకండి, భయపడతాడు."

ఆపరేషన్ చక్కగా జరిగింది. వరండాలో ప్రసాద్‌ను మాత్రం ఇద్దరు నర్సులు చూసుకోవలసి వచ్చింది.