గుర్రం బొమ్మ ముందు మౌనం

ఆ ఉదయం తత్వశాస్త్రం మేడం వేసుకున్న పథకం చాలా చిన్నది. ప్రిన్సిపాల్ గదికి వెళ్లాలి, అడిగినవాటికి జవాబులు చెప్పాలి, ప్రొఫెసరై ఇంటికి రావాలి. ప్రొఫెసరు లేని శాఖకు ఈ ఏడాదితో తాళం వేస్తామని కాలేజీవాళ్లు ముందే తేల్చేశారు. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. అందుకే గుమ్మం దాటేటప్పుడు వాళ్లమ్మ మరీ మరీ చెప్పింది: "ఇవాళ్టికి ఎవరేమన్నా తలూపి వచ్చెయ్యవే."

ప్రిన్సిపాల్ గదిలో గోడ నిండా కొత్త బొమ్మ. గుర్రమని కింద రాసి ఉండబట్టి సరిపోయింది. "మా ఆవిడ వేసింది. ఎలా ఉంది?" అన్నాడాయన. బాగుందంటే అబద్ధం, బాగాలేదంటే ఉద్యోగం గల్లంతు. ఆమె నోరు మెదపలేదు. నీతికీ అందానికీ ఉన్న చుట్టరికం మీద పుస్తకం రాసిన మనిషికే మాట పడిపోయిందంటే బొమ్మలో ఎంత లోతుందోనని ఆయన పొంగిపోయాడు. ఇంటర్వ్యూ సాయంత్రానికి జరిపి, మధ్యాహ్నం అందరి ముందూ ఆ బొమ్మ మీద ఆమె ప్రసంగం పెట్టించాడు.

గుమాస్తా ఈ సంగతి స్టాఫ్ రూముకు చేరవేసేసరికి, మేడం బొమ్మ చూసి కళ్లనీళ్లు పెట్టుకుందన్నారు. కాదని చెప్పబోతే వినయమన్నారు. భోజనాల వేళకు ప్రతి క్లాసులోనూ ఒక నకలు తగిలించాలని ఆర్డరు కూడా వచ్చేసింది. ఆమె ఇంటికి ఫోన్ చేసింది.

"బాగుందని ఒక్క ముక్క అనేస్తే నీ సొమ్మేం పోతుందే?" అంది అమ్మ.

"పోయేది నా సొమ్మేనమ్మా. బాగాలేనిదాన్ని బాగుందనడం వేసినవాళ్లను మోసం చెయ్యడమేనని పుస్తకం రాసింది నేను."

మధ్యాహ్నం ఆమె మైకు ముందుకొచ్చింది. "ఈ బొమ్మ బాగాలేదు. గుర్రానికి అయిదు కాళ్లున్నాయి. వేసినావిడ మీద గౌరవం ఉంది కాబట్టే చెబుతున్నాను. పదవి ఇస్తే ఇవ్వండి, లేకపోతే మానెయ్యండి. నేను మాత్రం మాట మార్చను."

హాల్లో ముందు వరసలోంచి ప్రిన్సిపాల్ భార్య లేచింది.

"అయిదోది తోక," అంది. తర్వాత భర్త వైపు తిరిగింది. "పెళ్లైన దగ్గర్నుంచి ఏది వేసినా అద్భుతమంటున్నారు. ఒక్కసారైనా చూశారా అసలు?"

ఆయన తలొంచుకున్నాడు. సాయంత్రం ఇంటర్వ్యూలో ప్రశ్నలేవీ లేవు. భార్య పక్కనే నిలబడి ఉండగా పదోన్నతి కాగితం మీద సంతకం పెట్టేశాడు. శాఖ నిలిచింది. ఆవిడ కుంచెలన్నీ అటకెక్కించి, చదువుకుంటే నిజం చెప్పేవాళ్ల దగ్గరే చదువుకోవాలంటూ మేడం దగ్గర పరిశోధనకు చేరింది.

ఆవిడ రాసిన మొదటి అధ్యాయం చదివాక, బొమ్మలే నయమనిపించింది మేడంకి.