మూడు పుట్టుమచ్చల మొగుడు

“ఆ దేశంలో నేలంతా మంచు గడ్డేనంట. ఈ పిల్ల యాడో ఒగచోట జారి పడతాది, సూస్తా ఉండండి!”

మా అమ్మాయి రమ్యశ్రీ ఇంకా విమానం ఎక్కకముందే, మదనపల్లె బస్టాండులో నలుగురూ వినేటట్టు నేనన్న మాట ఇది. అపశకునం మాటలని అందరూ నన్ను కసిరారు. ఏమైంది? రెండో చలికాలంలోనే పడింది! డ్యూటీ ముగించుకుని ఆసుపత్రి మెట్లు దిగుతూ జారి, రెండు చేతులూ విరగ్గొట్టుకుని, నర్సుగా పనిచేసే ఆసుపత్రిలోనే పేషెంటుగా చేరింది. భయపడటంలో నాకున్న అనుభవం ఈ జిల్లాలో ఇంకెవరికైనా ఉందా?

అయితే ఈ రోజు నేను భయం గురించి రాయడం లేదు. మెచ్చుకోవడానికి రాస్తున్నాను. అమ్మలారా, అయ్యలారా! మొగుడు మొగుడేనా అని అనుమానించే ప్రభుత్వం దొరకడం ఆడపిల్లకు మహాభాగ్యం!

ఏ దేశమో మాత్రం చెప్పను. చెబితే ఫైలు మళ్ళీ అడుక్కి పోతుందేమోనని నా భయం.

మా అల్లుడు శివకుమార్ పుంగనూరులో బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. భార్య దగ్గర శాశ్వతంగా ఉండిపోయే పర్మిషన్ కోసం, పిల్ల పడకముందే ఢిల్లీలోని ఆ దేశపు వీసా ఆఫీసులో కాగితాలు పెట్టాం. పడ్డాక, ఆమెకు అక్కడ నా అన్నవాళ్ళు లేరు, త్వరగా తేల్చండి స్వామీ అని మొరపెట్టుకున్నాం. వాళ్ళు కంగారు పడ్డారా? పడలేదు! ఎంత నిబ్బరం! “మీది నిజమైన పెళ్ళేనని ముందు రుజువు చేయండి” అన్నారు.

నిజమే కదా! పెళ్ళికి ఊరంతా వచ్చి తినిపోయింది. రసంలో ఉప్పు తక్కువైందన్నవాళ్ళే తప్ప, రుజువేదని ఒక్కరైనా అడిగారా? ఇంత నిర్లక్ష్యంగా బతుకుతున్నాం మనం!

మంచానికి ఏ పక్కన ఎవరు పడుకుంటారని రాసి పంపమన్నారు. అత్తగారు అడగదగ్గ ప్రశ్నేనా ఇది? మా ఇళ్ళలో అత్త ఎదురుగా అల్లుడు నోరు కూడా విప్పడు. కుప్పంలో ఉండే మా తమ్ముడు చెంగల్రాయుడికి ఇంగ్లీషు వస్తుంది. కాబట్టి వాడు వచ్చి అడిగాడు, నేను తలుపు చాటున నిలబడ్డాను, అల్లుడు గోడను చూస్తూ జవాబు చెప్పాడు.

“ఫ్యాన్ ఒగటే కదా మామా. గాలి ఆమెకు. నేను మిద్దె మీద.”

మా తమ్ముడు ఉన్నదున్నట్టు రాశాడు. భార్యాభర్తలు వేరువేరు అంతస్తుల్లో కాపురం ఉంటున్నారని వాళ్ళు అర్థం చేసుకున్నారు. ఎంత శ్రద్ధ!

తర్వాత, వాళ్ళిద్దరూ రాసుకున్న ఉత్తరాలు పంపమన్నారు. మా అల్లుడి ఉత్తరం ఇలా ఉంటుంది: “ఈడ అందరూ క్షేమం. గంగులయ్య మోటారు మళ్ళీ కాలిపోయింది. రాగి తీగ దొరకడం లేదు. నువ్వు స్వెటర్ వేసుకో.” ఇందులో ప్రేమ ఎక్కడుందని అడిగారు. స్వెటర్ దగ్గరుందని మా తమ్ముడు జవాబు రాశాడు.

ఆఖరికి పెళ్ళి ఫొటోలు అడిగారు. ఇక్కడే నా ముందుచూపు పనికొచ్చింది. ముక్కూ మొహం తెలియని వాళ్ళు ఢిల్లీలో కూర్చుని అల్లుణ్ణి అదేపనిగా చూస్తే దిష్టి తగలదా? అందుకని ఎవరికీ చెప్పకుండా, కవరు అంటించే ముందు, ప్రతి ఫొటోలో అతని మొహాన కాటుక చుక్క పెట్టాను. చేయి ఎక్కడ ఆగితే అక్కడ. ఒకదాంట్లో ఎడమ చెంప, ఒకదాంట్లో కుడి చెంప, తాళి కట్టేదాంట్లో గడ్డం.

జవాబు చదివి మా తమ్ముడు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

“అక్కా! నీ కూతురికి ముగ్గురు మొగుళ్ళని తేల్చినారు ఢిల్లీలో! పుట్టుమచ్చ ఒగరికి ఈపక్కంట, ఒగరికి ఆపక్కంట, ఇంగొగరికి గడ్డం మీదంట. పాస్‌పోర్టులో ఉండేవోడికి అసలుకే లేదంట. ఈళ్ళల్లో మీ అల్లుడు యెవురని అడుగుతాండారు!”

“అది కాటుక రా నాయనా. దిష్టికి పెట్టినాను.”

“యెందుకు పెట్టినావు మే? వీసా ఆఫీసులో దిష్టి యాడుంటాది?”

“మరి ఇన్నాళ్ళు పని కాకపాయ కదా? దిష్టి కాకుంటే ఏంది?”



ఆ చుక్క కాటుకేనని నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించాం. నోటరీ గారు ఫొటో చూసి “పిల్లోడు బాగుండాడే” అన్నారు. మళ్ళీ దిష్టి! అఫిడవిట్ మీద కూడా ఒక చుక్క పెట్టబోతే మా తమ్ముడు చేయి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

ఇదంతా అయ్యాక, ఫోనులో మాట్లాడి తేలుస్తామన్నారు. ఫోను మదనపల్లెలో మా ఇంటికే వచ్చింది. మా తమ్ముడు స్పీకర్ మీట నొక్కాడు. అవతల తెలుగు వచ్చిన ఆఫీసరమ్మ.

“మీ శ్రీమతికి ఇష్టమైన రంగేమిటండీ?”

అల్లుడు నన్ను చూసి, చూపు గోడ మీదికి తిప్పుకున్నాడు. నేను నా ఎర్ర గాజులు చూపించాను. చీర కుచ్చెళ్ళు చూపించాను. ఊహూఁ!

“మీ మొదటి సినిమా ఏ హాల్లో చూశారు?”

ఊహూఁ!

“శివకుమార్ గారూ, మీరు ఇప్పుడే వెళ్ళాల్సినంత అవసరం ఏమిటి?”

మా అల్లుడు గోడ వైపు నుంచి ఫోను వైపు తిరిగాడు. నేను ఎదురుగా ఉన్న సంగతి కూడా మరిచిపోయాడు.

“మేడం, ఆమెకు రెండు చేతులకూ కట్లుండాయి. అన్నం యెవురు తినిపిస్తాండారు? జడ యెవురేస్తాండారు? మీకేమన్నా తెలుసునా?”

ఎంత గొప్ప ఆఫీసని ఇందాకటి నుంచి పొగుడుతున్నాను! మంచం అడిగారు, మచ్చ అడిగారు, ప్రేమ ఎక్కడుందని అడిగారు. ఇన్నాళ్ళలో పిల్ల ఎలా ఉందని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

ఫైలు అడుక్కి పోయిందనుకున్నాను. ఆఫీసరమ్మకు కోపం వచ్చిందనుకున్నాను. పిల్లకు ఇక జన్మలో జడ లేదనుకున్నాను. “ఫోను కట్టయినట్టుండాది,” అని మా తమ్ముడు గొణిగాడు. అల్లుడు మాత్రం కదల్లేదు.

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

“పాస్‌పోర్టు పంపించండి శివకుమార్ గారూ,” అంది ఆవిడ. “వీసా వేస్తాం.”