గూళ్లాయనకొచ్చిన ఉత్తరం

ఆ ఉదయం గూళ్లాయన అనుకున్నది ఒక్కటే: అందరికంటే ముందు తపాలా ఆఫీసుకెళ్లి తన వీధి గూడు చూసుకోవాలి. వచ్చిన ఉత్తరాలను వీధివారీగా గూళ్లలో వేయడం ఇరవై ఆరేళ్లుగా ఆయన పని. ఆ పేరు అలా అంటుకుంది. పొద్దంతా ఊరి ఉత్తరాలు సర్ది, ఇంటికొచ్చి భార్యకు ఆఫీసు రూల్సు తప్ప మరో ముక్క చెప్పేవాడు కాదు. "గోడతో కాపురం చేశాను, చాలు. నేను ఉత్తరం రాసేదాకా రాకండి" అని ఆవిడ అక్కగారింటికెళ్లి డెబ్బై ఒక్క రోజులు. ఇప్పటికీ రోజూ రెండు గ్లాసులు తీసి, ఒకటి మళ్లీ బోర్లిస్తున్నాడు.

గూట్లో కవరుంది. ఆవిడ చేతిరాతే. ఆ వీధి పోస్ట్‌మేన్ మూడు రోజులు సెలవు. డెబ్బై ఒక్క రోజులు ఆగినవాడు ఆ మూడూ ఆగలేక కవరు జేబులో పెట్టుకున్నాడు.

వానకు బస్తాలకు బస్తాలు ఉత్తరాలు కుళ్లినా తల తిప్పని సూపర్‌వైజరుకు, జేబులోంచి తొంగిచూసిన కవరు అంచు మాత్రం కనబడింది.

"అది నాకొచ్చిందేనండీ."

"నీ గడపలో పడేదాకా అది శాఖది. తపాలా ఉద్యోగి దొంగతనం చేస్తే ఏడేళ్ల జైలు, తెలుసా?"

ఇన్‌స్పెక్టరొచ్చి కవరుకు లక్క ముద్ర వేశాడు. ఉత్తరం పోగొట్టుకున్నవాడి వాంగ్మూలం కావాలన్నాడు. ఆ నోటీసు గూళ్లాయన ఇంటికే వచ్చింది. నాకెవరిమీదా ఫిర్యాదు లేదని రాసిచ్చాడు పాపం. ముద్దాయి బాధితుణ్ణి లోబరచుకున్నాడని ఇన్‌స్పెక్టరు ఇంకో నేరం తగిలించాడు. చివరికి ఉత్తరం రాసిన మనిషిని సాక్ష్యానికి పిలిపించారు.

ఆవిడ వచ్చింది. మొగుడి చొక్కాకు ఊడిన గుండీ చూసింది. బల్లమీద ముద్రపడ్డ తన కవరు చూసింది.

"జైలని తెలిసే తీశారా?"

"తెలుసు."

"మరి?"

"నీ రాత చూశాక చెయ్యి నా మాట వినలేదు. ఇల్లు బావోలేదే, నువ్వు లేకుండా."

ఇన్నేళ్ల కాపురంలో ఆయన అన్నిమాటలు ఒక్కసారిగా అనడం అదే మొదలు. ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుని ఇన్‌స్పెక్టరువైపు తిరిగింది.

"బట్వాడా కాని ఉత్తరాన్ని రాసినవాళ్లు వెనక్కి తీసుకోవచ్చు. అవునా, కాదా? ఈయన కాపురంలో నాతో చెప్పిందల్లా మీ రూల్సేనండీ. ఫారం ఇటివ్వండి."

ఇన్‌స్పెక్టరు రూల్సు పుస్తకం తిరగేసి ఫారం ఇచ్చాడు. ఆవిడ సంతకం పెట్టి, కవరు తీసుకుని, అక్కడే నాలుగు ముక్కలు చేసింది.

"ఏం రాశావే అందులో?" మెట్లు దిగుతూ ఆశగా అడిగాడు.

"ఇక ఎప్పటికీ రావద్దని. నడవండి, గుండీ కుట్టాలి."

మర్నాడు కేసు మూసేశారు. శాఖ రికార్డుల ప్రకారం గూళ్లాయనకు ఇంతవరకూ ఏ ఉత్తరమూ రాలేదు.