ఒచ్చిందన్నో!

పాలమూరు గడ్డకు మొట్టమొదటి పాప్ స్టార్‌ను తమ పార్టీయే కని ఇస్తుందని జిల్లా నాయకుడు బాలకిష్టయ్య గారు ప్రెస్‌మీట్‌లో ప్రకటించారు. విలేకరిగా ఆ శుభవార్త రాసే భాగ్యం నాకు దక్కింది.

ఆ స్టార్ మా ఊరివాడే, శ్రవణ్ కుమార్. మానవపాడు పక్కన చిన్న పల్లె మాది. అప్పటిదాకా అతను నలుగురు కుర్రాళ్ల 'తుంగభద్ర బాయ్స్' బ్యాండులో ఒకడు. వాళ్లకున్న హిట్టు ఒక్కటే. రాఘవేంద్ర గిటార్ వాయిస్తూ "మా ఊరికి బస్సొచ్చిందా?" అని అడుగుతాడు. మిగతా ముగ్గురూ "రాలేదన్నో!" అంటారు. శ్రవణ్ తల్లి బాలనాగమ్మ కూరగాయల గంపతో రోజూ మెయిన్ రోడ్డు దాకా నడుస్తుంది. అందుకే అతని గొంతు అందరికంటే గట్టిగా లేచేది.

పాన్‌గల్‌లో పార్టీ సభ పెడితే బ్యాండును పిలిచారు, బాలకిష్టయ్య గారు స్టేజీ మీదే కూర్చున్నారు. రాఘవేంద్ర అడగ్గానే ఇద్దరు "రాలేదన్నో" అన్నారు. శ్రవణ్ ఆయన మొహం చూసి, భయానికి, "ఒచ్చిందన్నో!" అన్నాడు.

నాయకుడి కళ్లు చెమర్చాయి.

"గీ పిలగాని గొంతుల నిజముందిరా! సోలో జేద్దాం."

"సోలో అంటే ఏందన్నా?" అన్నాడు శ్రవణ్.

"ఆ ముగ్గుర్ని తీసేసుడు."

"మరి ప్రశ్న ఎవరడుగుతరన్నా?"

"ప్రశ్నలతోనే గదరా బ్యాండు ఖరాబైంది!"

అంతటి సంగీత జ్ఞానం నేనెక్కడా చూడలేదు. వారంలో ఆల్బమ్ వచ్చింది. ఎనిమిది పాటలు, మాట ఒక్కటే. రాఘవేంద్ర ఫోన్ చేస్తే శ్రవణ్ పీఏ ఎత్తాడు.

వనపర్తిలో సోలో షో పెట్టారు. మూడు జిల్లాల జనాన్ని డీసీఎం వ్యాన్లలో తెచ్చి మిట్టమధ్యాహ్నం ఎండలో కూర్చోబెట్టారు. బాలకిష్టయ్య గారు రెండు గంటలు మాట్లాడాక శ్రవణ్ మైకందుకున్నాడు.

"ఒచ్చిందన్నో... ఒచ్చింది!"

"డీసీఎం ఒచ్చిందంట, ఉరుకుండ్రి!" అని ఎవరో అరిచారు. కుర్చీలు పడ్డాయి, జనమంతా గేటు దాటేశారు.

"జూసిండ్రా? జనాన్ని గింతగనం కదిలించినోడు ఎవడన్న ఉన్నడా?" అన్నారు నాయకుడు. నేను రాసుకున్నాను.

మైదానంలో బాలనాగమ్మ ఒక్కతే మిగిలింది. స్టేజీ దగ్గరికొచ్చి తలెత్తింది.

"కొడుకా, నిజంగ మనూరికి బస్సొచ్చిందార? నేనిటొచ్చినంక ఒచ్చిందా?"

శ్రవణ్ మైకు పక్కకు జరిపాడు. బాలకిష్టయ్య గారు దగ్గారు. శ్రవణ్ మైకును మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఒచ్చిందమ్మో!"

మర్నాడు పొద్దున ఆమె మెయిన్ రోడ్డుకు పోలేదు. గంప దించుకుని ఊరి మొగదలలో నిలబడింది. ఎండెక్కింది. తోటకూర వాడింది.

"మావోడు అబద్ధమాడడు. నువ్వు పేపరోనివి గద సారూ, బస్సు ఒచ్చిందా?" అని నన్నడిగింది.

పార్టీ మీడియా ఇన్‌ఛార్జి పోస్టుకు లిస్టులో మిగిలింది నేనొక్కణ్ణే.

"ఒచ్చిందమ్మా," అన్నాను.