శివారుకి మొదటి వంతు

"సీజన్ మధ్యలో ఉన్నామండి. ఇలాంటప్పుడు ప్రజాప్రతినిధి అన్నవాడు చేతులు కట్టుకుని కూర్చోకూడదు. అందుకే ఈ రోజు ఒక కఠిన నిర్ణయం తీసుకున్నాను."

ఎమ్మెల్యే సూర్యరాజు గారు ఇరిగేషన్ గెస్ట్ హౌస్ వరండాలో మైకు ముందు ఈ మాట అనగానే విలేకరులందరం పెన్నులు తీశాం. ఫిబ్రవరి ఆఖరు వారం. రెండో పంటగా వేసిన దాళ్వా వరి పొట్ట మీద ఉంది. కాలవ ఆఖర్న ఉన్న మా శివారుకి నీళ్ళు అందక అప్పటికి పదకొండు రోజులు. ఇన్నాళ్ళకు కదిలారు కదా అని నాకు నిజంగానే సంతోషం కలిగింది. ఆ శివారులో నాకూ ఎకరం ముప్ఫై సెంట్లు ఉంది. అయితే సొంత పొలం గోడు పేపర్లో వెళ్ళబోసుకోవడం విలేకరికి మర్యాద కాదు కనుక ఆ ప్రస్తావన ఇంతటితో వదిలేస్తున్నాను.

"మా మిడ్‌ఫీల్డర్ని ఇచ్చేసి, ప్రతిపక్ష ఎమ్మెల్యే గారి దగ్గర్నుంచి గోల్‌కీపర్ని తెచ్చుకుంటున్నాం," అన్నారు ఎమ్మెల్యే గారు.

చప్పట్లు కొట్టాం. పీఏ ఉదయ్‌భాస్కర్ తలో ప్రెస్‌నోటు, తలో కాజా పొట్లం పంచాడు.

తెలియనివారి కోసం ఆట గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. దీని పేరు ఫాంటసీ ఫుట్‌బాల్. సీమదేశాల్లో నిజంగా బంతి తన్నే కుర్రాళ్ళను మనం ఇక్కడ ఫోన్లో మన జట్టుగా రాసుకుంటాం. వాళ్ళు అక్కడ పరిగెడితే మనకు ఇక్కడ పాయింట్లు వస్తాయి. చెమట వాళ్ళది, పేరు మనది. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడే సూర్యరాజు గారు "ఇది మనకి అలవాటైన పనే కదయ్యా" అన్నారట. పది మంది ఎమ్మెల్యేలు పార్టీలకతీతంగా ఒక లీగు పెట్టుకున్నారు. పైసా పందెం లేదు, పరువు ఒక్కటే. మన వారి జట్టు పేరు గోదావరి గర్జన. ఆ వారానికి అది పదింట్లో పదో స్థానంలో గర్జిస్తోంది.

కొత్త గోల్‌కీపర్ రాక సందర్భంగా శనివారం సాయంత్రం ఆరింటి మ్యాచ్ గెస్ట్ హౌస్ పెద్ద టీవీలో చూశాం. అవతలి వాళ్ళకు పెనాల్టీ వచ్చింది. ఎమ్మెల్యే గారు కళ్ళు మూసుకున్నారు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఎవరో "అయ్యా" అన్నారు. మా గోలీ బంతి ఆపేశాడు.

గుమ్మంలో ఉన్నది వీరాస్వామి. మా కాలవ లస్కరు. ఏ తూము ఎప్పుడు ఎంత ఎత్తాలో, ఏ గండిలోంచి ఎవరు దొంగతనంగా నీళ్ళు మళ్ళిస్తారో ముప్ఫై ఏళ్ళుగా సైకిలు మీద తిరిగి తెలుసుకున్న మనిషి. ఎగువవాళ్ళు నీళ్ళు కిందికి వదలనివ్వడం లేదని, పోలీసుల్ని తోడిస్తే తూములు దించుతానని చెప్పుకోవడానికి వచ్చాడు.

"కదలొద్దు! అక్కడే ఉండు!" అన్నారు ఎమ్మెల్యే గారు.

వీరాస్వామి మ్యాచ్ అయ్యేదాకా గుమ్మంలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడ్డాడు. ఆ మ్యాచ్‌లో మా గోలీ మీద గోలు పడలేదు.

మన ప్రాంతంలో సెంటిమెంటుకు ఎంత విలువ ఉందో చెప్పక్కర్లేదు. కొబ్బరికాయ కుళ్ళితే కొత్త లారీని వారం రోజులు షెడ్డులో ఉంచేసే వాళ్ళం మనం. సోమవారం పొద్దున్నే ఇరిగేషన్ ఏఈ చంద్రరావు గారికి కబురు వెళ్ళింది.

"వీరాస్వామిని గెస్ట్ హౌస్‌కి డెప్యుటేషన్ వేసెయ్యండి."

"మరి కాలవ మీద ఎవరుంటారండి?"

"ట్రేడ్ చెయ్యండి. గెస్ట్ హౌస్ వాచ్‌మన్ని కాలవ మీదకి పంపండి. ఒకరిని ఇచ్చాం, ఒకరిని తీసుకున్నాం. ఎవరికీ నష్టం లేదు."

చంద్రరావు గారు 'ప్రజాప్రయోజనాల దృష్ట్యా' అని రాసి సంతకం పెట్టారు. వాచ్‌మన్ చినబాబు తూము తాళాలు పట్టుకుని కాలవ మీదకు వెళ్ళాడు. పాపం మంచివాడు. ఎగువవాళ్ళు రెండు కొబ్బరిబోండాలు కొట్టి ఇచ్చి "తాళాల గుత్తి బరువుగా లేదూ?" అని అడిగితే బరువుగానే ఉందని ఒప్పుకుని వాళ్ళకే ఇచ్చేశాడు.

ఇక ఆ బుధవారం నాటి ధర్మపోరాటం గురించి రాయాలి. ఏ జట్టులోనూ లేకుండా మిగిలిన ఆటగాళ్ళను ప్రతి బుధవారం ఎంచుకోవచ్చు. దాన్ని వేవర్ అంటారు. ఎవరు ముందు ఎంచుకోవాలంటే, పట్టికలో అందరికంటే కింద ఉన్నవాడు. ఆ ఆట కనిపెట్టిన వాళ్ళు అలా పెట్టారు. కానీ లీగు కన్వీనరుగా ఉన్న ఇంకో ఎమ్మెల్యే గారు మొదటి స్థానంలో ఉండటం వల్ల, పైనున్నవాడికే మొదటి వంతు ఉండాలని వాట్సాప్‌లో ప్రతిపాదించారు.

సూర్యరాజు గారు అంత మండిపడటం నేనెప్పుడూ చూడలేదు. స్పీకర్ ఆన్ చేసి కన్వీనరుకు ఫోన్ కొట్టారు.

"పైనున్నవాడు ఎలాగూ బతుకుతాడండి! కిందనున్నవాడి గతేంటి? అన్నీ మీరే తోడేసుకుంటే ఆఖర్న ఉన్నవాడు ఏం చూసుకుని బతకాలి? శివారుకి మొదటి వంతు! ఇది భిక్ష కాదు, హక్కు! దీని కోసం నా ప్రాణం అడ్డం వేస్తాను!"

ఒళ్ళు గగుర్పొడిచింది. పొల్లు పోకుండా రాసుకున్నాను. ఎమ్మెల్యే గారు టిఫిను ముగించి తొమ్మిదింటికి వరండాలో ఆమరణ నిరాహార దీక్షకు కూర్చున్నారు. పెసరట్టు ఉప్మా తిన్న కారణంగా మొదటి గంట కొంచెం ఆయాసపడ్డా ఆ తర్వాత సర్దుకున్నారు. పన్నెండున్నరకు కన్వీనరు దిగివచ్చి పాత రూలే ఉంటుందన్నారు.

దీక్ష విరమణకు నిమ్మరసం ఇవ్వాలి. ఇచ్చేది పెద్ద వయసు ఆడమనిషైతే ఫోటోకు నిండుగా ఉంటుంది. ఉదయ్‌భాస్కర్ చుట్టూ చూశాడు. గేటు దగ్గర అర్జీ పట్టుకుని మాణిక్యాంబ గారు కూర్చుని ఉన్నారు. నా పొలం గట్టు పక్కనే ఆవిడది ఎకరన్నర. మొగుడు పోయాక పన్నెండేళ్ళుగా సొంతంగా సాగు చేయించుకుంటోంది. మూడు రోజులుగా ఆ గేటు దగ్గరే ఉంటోంది. ఆవిడ చేతిలోంచి అర్జీ తీసి గ్లాసు పెట్టారు.

ఎమ్మెల్యే గారు నిమ్మరసం తాగారు. ఫోటోలు అయ్యాయి. మాణిక్యాంబ గారు గ్లాసు కింద పెట్టకుండా అడిగింది.

"బాబూ, ఇందాకట్నుంచి మీరన్నదంతా విన్నానండి. బంతాట గురించేనని ఈ పేపరు బాబు చెప్పాడు. ఆఖరోడికి మొదటి వంతన్నారు కదా. ఆ రూలే మా కాలవక్కూడా పెట్టండి. చేను పొట్ట మీదుంది. ఇంకో వారం నీళ్ళు రాకపోతే కంకి వస్తది గానీ లోపల గింజుండదండి. అంతా తాలే."

ఎమ్మెల్యే గారు ఆవిడ భుజం మీద ఆప్యాయంగా చెయ్యి వేశారు.

"అది ఆటమ్మా. ఆటలో న్యాయం ఉండాలి. కాలవ సంగతి వేరు, అందులో చాలా ఇబ్బందులుంటాయి."

ఇంత నిజాయితీగా మాట్లాడే నాయకుణ్ణి నేను మరొకర్ని చూడలేదు.

ఆ సాయంత్రం వేవర్‌లో ఎవర్ని తీసుకోవాలో తేల్చడానికి సమీక్షా సమావేశం జరిగింది. సెంటిమెంటు ప్రకారం పేరు మీద వేలు పెట్టాల్సింది వీరాస్వామే. అతను నన్ను వరండా చివరికి పిలిచాడు.

"బాబూ, ఇంగిలీషు మీకొచ్చు కదా. అందులో కాలు విరిగినోడెవడండి?"

"ఎందుకయ్యా?"

"నేను ఏలెట్టినోడు ఓడిపోవాలండి. అప్పుడు నన్ను దరిద్రప్పాదం అని కాలవ మీదకి తోలేత్తారు. చేనుకింకా వారం గడువుందండి. నేనెళ్తే శివారుకి నీళ్ళెక్కించగలను. ఆయ్, తూముకి అడ్డం పడుకునైనా ఎక్కిత్తాను."

నేను విలేకరిని. తటస్థంగా ఉండాలి. అయినా చూపించాను. ఘానా నుంచి వచ్చిన ఒక కుర్రాడు, నాలుగు నెలలుగా మోకాలికి పట్టీతో బెంచీ మీద కూర్చున్నవాడు. ఏ జట్టూ ముట్టుకోలేదు. పేరు పక్కన ఎర్ర గుర్తు. వీరాస్వామి లోపలికి వెళ్ళి కళ్ళకద్దుకుని ఆ పేరు మీద వేలు పెట్టాడు. ఉదయ్‌భాస్కర్ ఏదో అనబోతే ఎమ్మెల్యే గారు వారించారు.

శనివారం నాడు నేను దేవుడికి మొక్కింది ఒక్కటే, ఆ కుర్రాడు బెంచీ మీదే కూర్చోవాలని. డెబ్బయ్యో నిమిషం దాకా కూర్చున్నాడు. అప్పుడు ముందున్న ఆటగాడు కాలు బెణికి పడిపోతే ఇతన్ని దింపారు. దిగి మూడు గోల్స్ కొట్టాడు.

మూడో గోలుకు ఎమ్మెల్యే గారు సోఫా ఎక్కారు. వీరాస్వామి గోడకు చేరబడి కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఆనందబాష్పాలని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే రాశాను.

సోమవారం చంద్రరావు గారు వీరాస్వామి డెప్యుటేషన్ను మే నెలాఖరు దాకా పొడిగించారు, ప్రజాప్రయోజనాల దృష్ట్యానే. తర్వాత నాలుగు వారాలు వీరాస్వామి వేలు పెట్టని ఆటగాడు లేడు, గెలవని మ్యాచ్ లేదు. మొదట్లో చెడగొట్టాలని చూశాడు గానీ, రెండో వారం నుంచి చూడటం కూడా మానేసి ఎక్కడ వేలు పడితే అక్కడ పెట్టేవాడు. అయినా గెలిచారు. గోదావరి గర్జన పదో స్థానం నుంచి రెండో స్థానానికి ఎగబాకింది. పైకి వచ్చాక ఎమ్మెల్యే గారు ఆలోచించి, కన్వీనరు గారి పాత ప్రతిపాదనలో కూడా కొంత న్యాయం ఉందని గ్రూపులో పోస్టు పెట్టారు.

మార్చి నెలకు లీగులో ఉత్తమ మేనేజరుగా సూర్యరాజు గారే ఎంపికయ్యారు. ఏప్రిల్లో కోతలు అవుతుండగా గెస్ట్ హౌస్‌లో సన్మానం పెట్టారు. శాలువా అందరూ కప్పేదే, మన పంట గౌరవం కనబడేలా వరి కంకుల కుచ్చు ఒకటి బహూకరిస్తే బాగుంటుందని ఉదయ్‌భాస్కర్ అన్నాడు. పిచ్చుకల కోసం గుళ్ళో కట్టే కుచ్చులు చుట్టుపక్కల మాణిక్యాంబ గారిలా అల్లేవాళ్ళు లేరు. కబురు చేస్తే కాదనలేదు. రెండు రోజులు కూర్చుని, మూరెడు పొడవున, జడ అల్లినట్టు అల్లి తెచ్చింది.

"ఎవరి చేలోదండి?" అని అడిగాను, వార్తలో రాద్దామని.

"మన గట్టు పక్కదే బాబూ. మీ చేలోయి కూడా నాలుగు కలిపాను," అంది.

వేదిక మీద వీరాస్వామి ఎమ్మెల్యే గారి వెనకే నిలబడ్డాడు, ఒక కాలు వేదిక మీద, ఒక కాలు మెట్టు మీద. మాణిక్యాంబ గారు కుచ్చు అందించింది. అంత పెద్ద కుచ్చు కదా అని ఎమ్మెల్యే గారు రెండు చేతులూ చాపి, నడుం బిగించి అందుకున్నారు. అందుకుని ఆశ్చర్యపోయారు. ఒక చెయ్యి తీసేసి, రెండు వేళ్ళతో పైకెత్తి అందరికీ చూపించారు.

"చూశారా! ఎంత తేలిగ్గా ఉందో! మన ఆడవాళ్ళ పనితనం ఇదండీ!" అన్నారు.

చప్పట్లు కొట్టాం. మాణిక్యాంబ గారు కూడా కొట్టింది. ఆ ఫోటో మొదటి పేజీలో వేశారు.